మధ్యాహ్నం కథలకు పైసల్లేవట!

మా రోజుల్లో మధ్యాహ్నానికి ఒక మర్యాద ఉండేది. వరంగల్ కొత్తవాడలో శతరంజీలు నేసే ఇళ్లల్లో ఓ మూల మగ్గం, ఇంకో మూల టీవీ. కండెలు చుట్టే ఆడవాళ్ల చెయ్యి రాట్నం మీద, కళ్లు సీరియల్ మీద. ప్రకటనలొస్తే తప్ప పొయ్యి మీది పప్పు గుర్తొచ్చేది కాదు. కరెంటు పోయిన వాడకట్టు నుంచి "అక్కా, ఆ పిల్ల ఇంట్లకెల్లి పోయిందా?" అని కేకేస్తే, కథ అప్పజెప్పే పూచీ మాదే.

దూరదర్శన్‌లో యద్దనపూడి నవలతో మంజులా నాయుడు తీసిన 'ఋతురాగాలు' చూసిన కళ్లివి. 1995లో వచ్చిన ఈటీవీ, జెమినీ కూడా తోడైతే ఇంక తీరికేది? తర్వాత ఆమె తీసిన 'మొగలిరేకులు' రాత్రికి పోయింది. ఎందుకు పోదు? ప్రకటనకు పది సెకన్ల లెక్కన రేటు కడతారు. మగవాళ్లు, ఉద్యోగస్తులు ఇంట్లో ఉండే రాత్రికి ఎక్కువ పలుకుతుంది. మధ్యాహ్నం రేటుతో నటులకు, సెట్టుకు, చీరలకు ఎక్కడ గిడుతుంది? అందుకే హిందీ సీరియల్ తెచ్చి నలుగురి చేత తెలుగులో డబ్బింగ్ చెప్పించేశారు. అదీ బరువైతే రాత్రిదే మళ్లీ వేస్తారు. సద్దన్నం కూడా ఇంతకంటే రుచిగా ఉంటుంది.

2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక మిగిలిందీ పోయింది. రాత్రి రావాల్సిన భాగం పొద్దున్నే ఫోన్‌లో చూసేసి, నేను టీవీ ముందు కూర్చునే సరికి మా మనవరాలు "అమ్మమ్మా, ఆమె చావదులే" అంటుంది. చంపేది ఈ పిల్లే, నా సీరియల్‌ని.

అమెరికాలోనూ ఇదే కతట. సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ నడిపిన పగటి సీరియల్ 'గైడింగ్ లైట్' 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకెక్కి, 2009లో ఆగిపోయింది. డెబ్బై రెండేళ్లు! అంతకాలం సబ్బులు కొన్న ఆడవాళ్ల మాట ఎవరూ అడగలేదనుకుంటా.

మొన్న మధ్యాహ్నం రెండింటికి టీవీ పెడితే ఒకాయన మోకాళ్ల నొప్పులకు నూనె అమ్ముతున్నాడు. ఒకటి కొంటే ఒకటి ఉచితమట. చానెల్ మారిస్తే అక్కడ జాతకం ఉంగరాలు. అంటే ఆ వేళకు మేం చూస్తున్నామని వాళ్లకు బాగానే తెలుసు. అమ్మడానికి పనికొస్తాం, కథ చెప్పడానికి మాత్రం గిట్టుబాటు కాదు.