ఏడు పాస్‌పోర్టుల ఇంగ్లీషు

దక్షిణ కొరియాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాలంటే ముందు ఇంగ్లీషు రావాలని మన పిల్లలు అనుకుంటారు. పాపం, ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతారు, బీఎడ్ చేస్తారు, ఐఈఎల్‌టీఎస్‌లో ఎనిమిది తెచ్చుకుంటారు. అక్కడి వీసా ఆఫీసరు ముందుగా చూసేది ఇవేవీ కాదు, పాస్‌పోర్టు అట్ట. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. వీటిలో ఒకటైతే ఈ-2 అనే భాషా బోధకుల వీసాకు డిగ్రీ ఉంటే చాలు. ఏ డిగ్రీ అన్న పట్టింపు లేదు. పశుపోషణలో పట్టా పుచ్చుకున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు బుసాన్‌లో దిగి ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ చెప్పేయవచ్చు. తెనాలిలో ఇరవై ఏళ్ళుగా అదే ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ చెబుతున్న మాస్టారు దిగితే మాత్రం లెక్క వేరు. అది తర్వాత చెబుతాను.

ముందు ఈ ఏడుగురు పుణ్యాత్ముల సంగతి చూద్దాం. ఐర్లండ్ రాజ్యాంగం ప్రకారం అక్కడ మొదటి అధికార భాష ఐరిష్. ఇంగ్లీషుది రెండో పీట. అమెరికాకు 2025 మార్చిలో అధ్యక్షుడు సంతకం పెట్టేదాకా దేశం మొత్తానికీ అధికార భాషంటూ లేనే లేదు. దక్షిణాఫ్రికాలో 2022 జనాభా లెక్కల ప్రకారం ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు 8.7 శాతం, జులూ మాట్లాడేవాళ్ళు 24.4 శాతం. కొరియా ప్రభుత్వ బడులకు టీచర్లను తెచ్చే ‘ఎపిక్’ కార్యక్రమం వాళ్ళకూ ఇక్కడ ఏదో అనుమానం తగిలినట్టుంది. దక్షిణాఫ్రికా అభ్యర్థులు ఏడో తరగతి నుంచీ ఇంగ్లీషులోనే చదివినట్టు రుజువు తేవాలన్నారు. శుభం. చదువును చూసి నమ్మవచ్చని వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పుకున్నారు. మరి ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో నలిగి, బడి ఆవరణలో తెలుగు మాట్లాడినందుకు జరిమానా కట్టిన విజయవాడ పిల్ల రుజువు ఎందుకు చెల్లదు? రాజ్యాంగం 348వ అధికరణం పుణ్యమా అని మన తెలుగు రాష్ట్రాల హైకోర్టుల్లో వాదన ఇంగ్లీషులోనే జరుగుతుంది, ఉరిశిక్ష ఖరారయ్యేదీ ఇంగ్లీషులోనే. ముద్దాయికి అర్థం కాకపోయినా సరే! ఒక మనిషి ప్రాణానికి చాలిన ఇంగ్లీషు సియోల్‌లో ఏ ఫర్ యాపిల్‌కు చాలదు.

పక్కనున్న జపాన్ ఈ విషయంలో కాస్త నయం. విదేశీ భాష నేర్పడానికి వచ్చేవాడు ఆ భాషలో పన్నెండేళ్ళు చదివి ఉండాలంటుంది వాళ్ళ ‘బోధకుల’ వీసా నిబంధన. ఏ దేశంలో పుట్టావని కాదు, ఏ భాషలో చదివావని అడుగుతారు. అలా అడగడం సాధ్యమేనన్నమాట.

పుట్టుకతో పంతులు అవుతారన్న ఈ నమ్మకం కొరియా వాళ్ళ సొంత సరుకేమీ కాదు. 1961లో ఉగాండాలోని మకెరెరెలో కామన్వెల్త్ దేశాల వాళ్ళు ఇంగ్లీషు బోధన మీద సభ పెట్టుకున్నారు. ఆ భాష ఎవరి సొంతమో వాళ్ళే ఆదర్శ ఉపాధ్యాయులన్న సూత్రం ఆ సభ నివేదికలో పాతుకుని ఉందనీ, అది వట్టి భ్రమ అనీ 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ ఏకంగా పుస్తకమే రాశాడు. ఆయనా బ్రిటిషువాడే కనక జాతి ద్వేషమని తోసెయ్యడానికి లేదు. పండితులు చదివారు, తలలూపారు. వీసా ఫారం మాత్రం మారలేదు.

ఇంకో తమాషా మన ఊళ్ళోనే ఉంది. 1958లో హైదరాబాద్‌లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికే ఒక కేంద్ర సంస్థ పెట్టారు. సీఫెల్ అయి, ఇప్పుడు ఇఫ్లూ అయింది. మన ప్రభుత్వ ఐటెక్ శిక్షణ పథకం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులు విమానమెక్కి తార్నాక దాకా వచ్చి అక్కడ ఇంగ్లీషు నేర్చుకుని వెళతారు. వాళ్ళకు పాఠం చెప్పినవాళ్ళే రేపు కొరియాలో ఒక ట్యూషన్ సెంటర్లో (హాగ్వాన్ అంటారు) ఆరేళ్ళ పిల్లలకు రైమ్స్ నేర్పుతామంటే పాస్‌పోర్టు రంగు అడ్డం.

అన్యాయం, తలుపు పూర్తిగా మూసెయ్యలేదని కొరియా తరఫు వకీళ్ళు అంటారు. నిజమే. 2010 జనవరి 1న రెండు దేశాల మధ్య అమల్లోకి వచ్చిన సెపా వాణిజ్య ఒప్పందంలో ఉక్కు, కార్ల విడిభాగాల పక్కన మన టీచర్లకూ ఒక సందు వదిలారు. ఇంగ్లీషులో డిగ్రీ, ఇంగ్లీషు బోధనకు లైసెన్సు రెండూ ఉంటే భారతీయులు అక్కడి బడుల్లో సహాయకులుగా చేరవచ్చు. మన తెనాలి మాస్టారు లెక్క ఇదే. పశుపోషణ కుర్రాడికి అక్కర్లేని ఇంగ్లీషు డిగ్రీ ఈయనకు తప్పనిసరి, లైసెన్సూ తప్పనిసరి. రెండూ ఉన్నాయంటే, అప్పుడు దయతో అసిస్టెంటు.

ఈ గోడ ఇంత ఎత్తున్నచోట నిచ్చెనలు అమ్మేవాడు తయారు కాకుండా ఉంటాడా? అమీర్‌పేట మెట్ల పక్కన అద్దాల గదిలో కూర్చుని, “మేడమ్, మీరు టూరిస్టు వీసా మీద వెళ్ళిపోండి, వర్క్ వీసా అక్కడ మార్పించేస్తాం” అంటాడు. మార్పించేది ఎవరో చెప్పడు. పట్టుబడితే తిరుగు టిక్కెట్టు ఎవరు కొంటారో అసలే చెప్పడు. మన వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ మించి తీసుకోకూడదని అడిగి చూడండి. “అది కూలీలకండీ, మీరు టీచర్లు కదా” అని గౌరవిస్తాడు. ఆ గౌరవం ఖరీదు లక్షల్లో ఉంటుంది. వీడు దొంగ, సరే. వీడికి గిరాకీ పుట్టించిన నిబంధనను ఏమనాలో!

సియోల్ తల్లిదండ్రులనే ఆడిపోసుకోవడం కూడా బాగుండదు. పాఠం కన్నా ముందు పంతులు మొహం చూసి ఫీజు కట్టే తెలివి మనకూ తక్కువేం లేదు. కూకట్‌పల్లిలో ఏ ప్లేస్కూలు ముందు ఆగినా బోర్డు మీద బంగారు జుట్టు పాపాయి నవ్వుతూ ఉంటుంది. లోపల పాఠం చెప్పే పిల్లది ఏ నల్లగొండో, పేరు కూడా బోర్డు మీద ఉండదు, జీతం చెప్పుకోవడానికి సిగ్గు. ఆ పాపాయికి మాటలొచ్చే వయసు కూడా ఉన్నట్టు లేదు. అయితేనేం, సియోల్ కొలత ప్రకారం ఆమెకింక తక్కువైంది డిగ్రీ ఒక్కటే.