విడతలవారీ చలి

తలుపులు, కిటికీలు బిగించుకోవాలట. సందుల్లోంచి గాలి రాకుండా చూసుకోవాలట. ఉన్నిబట్టలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని వేడివేడిగా ఏదో ఒకటి తాగుతుండాలట. వృద్ధులు తెల్లవారుజామున ఇల్లు దాటి బయటికి రాకూడదట. ఈ వారం అధికారులు మనకు దయచేసిన చలికాలం జాగ్రత్తలివి. మాక్లూర్‌లో ఒక అవ్వ వీటిని మనవడితో చదివించుకుని ఒకటే మాట అడిగింది: "తలుపు పెట్టుకోమన్నరు, మంచిగనే ఉన్నది బిడ్డా. గోడలెప్పుడు లేస్తయట?"

అవ్వది ఇందిరమ్మ ఇల్లు. బేస్‌మెంట్ దాకా వచ్చి ఆగింది.

ఇందులో ప్రభుత్వాన్ని అనడానికేం లేదు. తప్పంతా చలిది. ఇల్లు పద్ధతిగా విడతల్లో వస్తుంటే, చలి మాత్రం ముందూవెనకా చూడకుండా ఒక్కసారే మీద పడుతోంది. పథకం మొదలుపెట్టినప్పుడు చెప్పిన లెక్క గుర్తుందిగా: మొత్తం 5 లక్షల్లో బేస్‌మెంట్‌కు 1 లక్ష, గోడలకు 1.25 లక్షలు, స్లాబుకు 1.75 లక్షలు, అంతా అయ్యాక ఆఖరి 1 లక్ష. చలిని కూడా ఈ లెక్కలోకి తెస్తే గొడవే ఉండదు. బేస్‌మెంట్ ఇంటికి చలి అరికాళ్ల దగ్గరే ఆగాలి. గోడలు లేస్తే నడుము దాకా రావచ్చు. స్లాబు పడితే ఛాతీ దాకా. తలుపు రెక్కలు బిగించి, ఇల్లు పూర్తయినట్టు ఫోటో ఎక్కిన తర్వాతే పళ్లు టకటకలాడించే హక్కు దానికి దఖలు పడుతుంది.

అర్హతల నిబంధన చలికి కొత్తేమీ కాదు. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగాలి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. సాధారణంగా అప్పుడుగానీ వాతావరణ శాఖ దాన్ని చలిగాలి అని ఒప్పుకోదు. ఇంత నిక్కచ్చిగా ఉన్న చలికి ఎల్-1, ఎల్-2, ఎల్-3 జాబితాలు వేయడం ఎంతసేపు? సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ముందు వణకాలి. జాగా కూడా లేనివాళ్లు తమ వంతు వచ్చేదాకా చెమటలు పోసుకుంటూ కూర్చోవాలి. ఇళ్లు మొదటి దశలో నియోజకవర్గానికి 3,500 ఇచ్చారు కాబట్టి మాక్లూర్ ఉన్న ఆర్మూర్‌కు 3,500 వణుకులు మంజూరు చేస్తే సరిపోతుంది. 600 చదరపు అడుగులు దాటి వీచిన గాలికి బాధ్యత ఎవరిదీ కాదు. డబ్బులు ప్రతి సోమవారం వేస్తామన్నారు గనక చలి కూడా సోమవారమే పడాలి. బిల్లు రాని సోమవారం దానికీ సెలవు.

ఇళ్ల ఫోటోలెక్కించే యాప్‌లో ఎక్కనిదే చలి పెట్టినట్టు కాదు. పంచాయతీ కార్యదర్శి పొద్దున ఐదింటికే వచ్చి, లబ్ధిదారును బేస్‌మెంట్ మీద నిలబెట్టి, వణుకుతుండగా ఫోటో తీయాలి. బొమ్మ మసకగా వస్తే "కదలకుండా వణుకమ్మా" అని చెప్పాలి. సిగ్నల్ అందకపోతే మర్నాడు మళ్లీ వణకాలి. నిన్న వణికిన చోటుకూ ఇవాళ వణికిన చోటుకూ నాలుగడుగులు తేడా వచ్చిందా, ఫైలు పక్కన పెట్టేయొచ్చు.

జాగ్రత్తల్లో ఇంకొకటుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది అని. నిజమే. ఆ ఒక్క ప్రమాదం నుంచి మాత్రం మన బేస్‌మెంట్ ఇళ్లకు నూటికి నూరుపాళ్లు రక్షణ ఉంది.

బిల్లు వచ్చేలోగా సొంత డబ్బుతో కానివ్వచ్చు కదా అనే పెద్దలున్నారు. వాళ్లెప్పుడూ ఈ వైపు పొలాలు చూసినట్టు లేదు. జూన్‌లో పెట్టిన పసుపు జనవరి దాటితేగానీ తవ్వకానికి రాదు. తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, పాలిష్ పట్టించి, నిజామాబాద్ యార్డులో కాంటా పెట్టించేసరికి ఎండలు ముదురుతాయి. చలి ఉన్నన్నాళ్లూ రైతు డబ్బు భూమిలోనే ఉంటుంది. చెక్క భూమి కూడా లేని ఇంట్లోనైతే ఆడవాళ్లు బీడీలు చుట్టిన కూలే దిక్కు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న మొదలైంది, నిజామాబాద్‌లో దానికి ఆఫీసు కూడా పెట్టారు. గోడలు, తలుపులు అన్నీ ఉన్న ఆఫీసే.

అవ్వకు మొదటినుంచీ ఇల్లు లేకపోలేదు. పెంకులు జారినా, వానకు కారినా, మట్టిగోడల ఇల్లొకటి ఉండేది. మందపాటి మట్టిగోడ పగటి వేడిని పట్టుకుని రాత్రికి ఇస్తుంది. ఏ ఊలు కోటూ అక్కర్లేదు. కొత్తది ఆ జాగాలోనే కట్టాలి గనక దాన్ని కూలగొట్టారు. గడువులోపల ముగ్గు పోయకపోతే మంజూరు పోతుందన్నారు గనక తొందరపడి కూలగొట్టారు. మిత్తికి తెచ్చిన పైసలు బేస్‌మెంట్‌లో పోసి, పక్కన నాలుగు కర్రలు పాతి తాటిపత్రి కప్పుకుని, అందులో ఉంటున్నారు. సర్కారు మాట నమ్మి చేసిన పని ఇది. ఇల్లు కూలగొట్టించి, బిల్లు ఆపి, ఆ మనిషికే తలుపేసుకోమని చెప్పడానికి నోరెలా వచ్చింది? వృద్ధులు బయటికి రావద్దట. ఎక్కడినుంచి రావద్దు? రాత్రంతా ఆమెను మేలుకోబెడుతున్న ఇగం ఉత్తరాది గాలులది ఒక్కటే కాదు. ఎవరి టేబుల్ మీదో కదలకుండా పడి ఉన్న కాగితానిది కూడా. గాలికి మనం చెప్పలేం. టేబుల్‌కు చెప్పగలం.

సంక్రాంతిలోపు ఆగిన బిల్లులన్నీ వేయండి. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు. ఈలోగా ఉన్నిబట్టల సలహా ఇంకొకటి పంపాలనిపిస్తే, పంపే అధికారి ముందు మాక్లూర్ వచ్చి ఆ తాటిపత్రి కింద ఒక రాత్రి పడుకోవాలి. గొంగడి మాత్రం తనే తెచ్చుకోవాలి. అవ్వ దగ్గర ఒక్కటే ఉంది.