అద్దె అద్దాలు

2023 వానాకాలం. రాయ్‌పూర్‌లో ఎవర్ని చూసినా కళ్లకలకే. గూడ్సు వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపును ఆనుకుని ఉన్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోనూ అదే గోల. చూపుతోనే అంటుకుంటుందని నమ్మి, తల్లులు సొంత పిల్లల కళ్లలోకి సూటిగా చూడ్డం మానేశారు.

బళ్లో జబ్బు ఆనవాళ్లు కనిపెట్టే పని ఒక తెలుగు మాస్టారి మీద పడింది. రోజూ గుమ్మంలోంచే "ఎవరికైనా కళ్లు ఎర్రబడ్డాయా?" అని కేకేసేవారు. "లేదు సార్" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచేవారు. రిజిస్టర్లో 'నిల్', కింద సంతకం.

ఐదో తరగతి బుడ్డోడొకడు నల్లద్దాలతో తిరుగుతుంటే ఓ రోజు అనుమానమొచ్చి తీయించారు. కళ్లు చింతనిప్పులు! అద్దాలు లాక్కుని, నాలుగు తిట్టి ఇంటికి పంపేశారు.

వారం తిరిగేసరికి సగం క్లాసు ఖాళీ. విషయం తెలిసి నర్సమ్మ వచ్చింది. ఆవిడా తెలుగు మనిషే, శ్రీకాకుళం వైపు.

"ఇది చూపుతో రాదు మాస్టారూ. ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. కన్ను నలిపిన చెయ్యి, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడ్డం, వీటితో పాకుతుంది. ముందు ఎవరికొచ్చింది? ఎవరి వస్తువు ఎవరు ముట్టుకున్నారు?"

రిజిస్టరు తిరగేసింది. అన్నీ నిల్లే.

కలక తగ్గి ఆ రోజే బడికొచ్చిన బుడ్డోడు లెక్కల నోట్సు చివరి పేజీ తీసి ముందు పెట్టాడు. పేరు, చోటు, వారం, ఇంటర్వెల్లో భోజనాల బెల్లో, ఎదురుగా ఒక్కో రూపాయి.

"ఏట్రా ఇది?"

"నల్లద్దాల అద్దెండి. ఊరికినే ఎవులికిత్తాం?"

నర్సమ్మ మొహం వెలిగిపోయింది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు... అంటురోగాల లెక్కకి మొదట కావలసిన మూడూ ఉన్నాయి! ఒక్కో పేరూ చదువుతూ ఖాళీ బెంచీలతో సరిచూసింది. ఒక్కటీ తప్పలేదు. ఆఖరి వరస దగ్గర మాత్రం ఆగిపోయింది.

"మాస్టారు. స్కూటరు మీద. నాలుగు రోజులు. బాకీ 4 రూపాయలు" అని పైకే చదివి, తలెత్తింది.

"బాకీ సంగతి తరవాత, మాస్టారూ. ముందు ఆ అద్దాలు తియ్యండి."