సీ–హెచ్ అను ద్వ్యక్షరీ గ్రంథానికి చూలై టీక

మూలం: సీ — హెచ్.

గ్రంథం ఇంతే. రెండక్షరాలు, నడుమ ఒక ముల్లు. పాత అంబాసిడర్ డీజిల్, మటడోర్ వ్యాను, తొలినాటి టాటా సుమో లాంటి బండ్ల డాష్‌బోర్డు మీద ఇది దొరుకుతుంది. కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతలకు మాత్రం కొదవలేదు. చెన్నై చూలైలో రోడ్డు పక్కన డీజిల్ బండి ఆపి బానెట్ ఎత్తితే చాలు, టీ కొట్టు దగ్గర నుంచి ఇద్దరైనా లేచి వస్తారు. ఒకరు తెలుగులో, ఒకరు తమిళంలో అర్థం చెప్తారు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. వీళ్లలో మొదటిది పాటించేవారు కొందరు, రెండోది పాటించేవారు సున్న.

ప్రతిపదార్థం: సీ = చలువయందును; హెచ్ = వేడియందును; ముల్లు = ఇంజిన్ నీళ్ల వేడికి సూచిక; (చేరక, నడుమ నుండవలెను) అని అధ్యాహారం. అసలు క్రియే మూలంలో లేదు గమనించండి. ఎన్ని డిగ్రీలన్నదీ లేదు, అది ధ్వని. ఇంజిన్ నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వు సాధారణంగా 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకోవడం మొదలెడుతుంది కాబట్టి, 80కీ 95కీ మధ్య ఎక్కడో ఇంజిన్ సుఖంగా ఉంటుందని పెద్దల నిర్ణయం.

ఇందులో శ్లేష ఉంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని బడిలో చదువుకున్నాం. రేడియేటర్ మూత చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడి పట్టి ఉంచితే అవే నీళ్లు 111 దాకా మరగవు, 15 పౌన్ల మూతైతే 121 దాకా ఆగుతాయి. మూత రబ్బరు అరిగిందా, మళ్లీ 100కే మరుగు. అంటే ముల్లు అదే చోట నిలబడి ఒక బండిలో క్షేమమనీ, ఇంకో బండిలో ప్రమాదమనీ చెప్తుంది.

సందర్భం. ఏటా పెరటాసి నెలలో తిరుమల బ్రహ్మోత్సవాలకు గొడుగులు చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి బయల్దేరి ఎలిఫెంట్ గేట్ దాటి చూలై మీదుగా ఊరేగుతాయి. వాటి వెనక చిక్కుకున్న డీజిల్ బండి మనిషి నడకతో పాటు కదలాలి. ఎదురుగాలి ఉండదు. పాత బండ్లలో ఫ్యాను తిరిగేది ఇంజిన్ బెల్టుతోనే కనుక అదీ నిదానంగానే తిరుగుతుంది. అయినా నిదానంగా తిరిగే డీజిల్ ఇంజిన్ తాగే ఇంధనం కొంచెం, పుట్టించే వేడీ కొంచెమే. అక్కడ ముల్లు పైకి పాకితే ముందు ఫ్యానునూ బెల్టునూ అనుమానించాలి. ఊరేగింపులో కుదురుగా ఉండి, తిరుమల ఎక్కేటప్పుడు (1974 నాటి రెండో ఘాట్ రోడ్డు, 1944 నాటి మొదటిది ఇప్పుడు దిగడానికే) వేడెక్కితే దోషం చాలావరకు రేడియేటర్‌ది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని లోపలి గొట్టాలు సన్నబడి ఉంటాయి. ముల్లుతో పాటు బ్యాటరీ ఎర్రలైటూ వెలిగితే బెల్టు తెగిందన్నమాటే. నీళ్ల పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పేది సాధారణంగా ఆ ఒక్క బెల్టే.

పూర్వపక్షం: “ముల్లు కిందికి దిగింది కదా, ఇక భయమేముంది?”

అసలు భయం అక్కడే. ముల్లుకు కబురు పంపేది థర్మోస్టాట్ దగ్గరో, సిలిండర్ హెడ్‌లోనో బిగించిన చిన్న ఇత్తడి సెన్సరు. అది నీళ్లలో మునిగి ఉంటేనే దాని మాటకు విలువ. గొట్టం చిట్లి నీళ్లు కారిపోతే సెన్సరు ఖాళీ చోట వేలాడుతుంది. ఇంజిన్ లోహం కాలిపోతుంటే ముల్లు మాత్రం మెల్లగా సీ వైపు జారుకుంటుంది. డ్రైవరు తేలికపడి యాక్సిలరేటర్ తొక్కుతాడు, హెడ్ గాస్కెట్ పోతుంది. చూలైలో అవధానం పాపయ్య పేరిట ఓ రోడ్డుంది. ఆయన ఈస్టిండియా కంపెనీ దొరల దగ్గర తెలుగు దుబాసీ. డేవిడ్ హాలిబర్టన్ అనే అధికారిని అబద్ధపు సాక్ష్యాలతో ఇరికించాడని 1792లో నేరం రుజువై శిక్ష పడింది. నీళ్లకూ డ్రైవరుకూ మధ్య ఈ ముల్లు కూడా దుబాసీయే. అయితే పాపయ్యకున్న దురుద్దేశం దీనికి లేదు, పాపం.

ఈ ముల్లుకు పూర్వపాఠం ఒకటుంది. 1912 ప్రాంతంలో అమెరికాలో హారిసన్ బాయ్స్ తెచ్చిన మోటోమీటర్ రేడియేటర్ మూత మీదే కూర్చునేది. నీళ్ల వేడి కాదు, పైన చేరే ఆవిరి వేడి చూపేది. డ్రైవరు అద్దంలోంచి ఎదురుగా చూసుకునేవాడు. అందం, ఉపయోగం రెండూ ఉన్న పాఠం అది. ఎందుకు పోగొట్టుకున్నామో!

పాఠాంతరాలు: సెన్సరు తీగ తెగితే ముల్లు సీ దగ్గర పడుకుంటుంది. తీగ బాడీకి తగిలితే హెచ్‌కు ఎగురుతుంది. డీజిల్ ముల్లూ ఇదీ కలిసి ఒకేసారి తప్పుడు కూతలు కూస్తే ఇంజిన్‌ను వదిలేసి, డాష్‌బోర్డు వెనక వోల్టేజి స్టెబిలైజర్‌ను చూడాలి.

లుప్తపాఠం ఒకటుంది, అది మెకానిక్కుల పుణ్యం. బండి వేడెక్కిందనగానే కొందరు థర్మోస్టాట్‌ను పీకి పారేస్తారు. ముల్లు దిగుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఆపైన ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాక ఇంధనం ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజిన్లలో వేడినీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి లోపలికే వచ్చి మరింత వేడెక్కుతాయి. మూలంలోంచి పద్యం చించేసి అర్థం సుగమమైందనడం లాంటి పాండిత్యమిది, క్షమించరానిది.

తాత్పర్యం: మీ బండి ముల్లు మామూలు రోజున ఎక్కడ నిలుస్తుందో గుర్తుపెట్టుకోండి. అక్కణ్ణుంచి పైకి పోయినా, కారణం లేకుండా కిందికి జారినా బండి పక్కకు తీసి ఆపండి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి నీళ్ల మట్టం చూడండి, తగ్గితే కూలంట్ కలిపిన మంచినీళ్లే పోయండి. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు. ఒత్తిడి విడిపోగానే 110 డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగండి.