పుట్టీల పోతది సారూ!

నల్లగొండలో ఇంటికి ముగ్గు పోసిన రోజే మేస్త్రి ఒక మంత్రం చెవిన వేశాడు. దాని అర్థం తెలిసేసరికి ఏడాది గడిచింది, పైసలు అయిపోయాయి.

గుండు వేలాడదీసి చూస్తే గోడ రెండు వేళ్లు పక్కకు వాలింది. "గిలాబుల పోతది సారూ" అన్నాడు. నీళ్లు సరిగ్గా పట్టక గిలాబు ఎండిన చెరువులా పగిలింది. "పుట్టీల పోతది." పుట్టీ గీతలు తేలింది. "రంగుల పోతది." రంగు కూడా చేతులెత్తేసింది. "పూలదండలు గట్టినంక గోడ ఎవ్వలు జూస్తరు సారూ?" అన్నాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు నిజంగానే చూడలేదు, బువ్వ బాగుందన్నారు.

మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగు లెక్కన గుత్తకిచ్చాను. తీరా చూస్తే మెట్లు ఎక్స్‌ట్రా, పిట్టగోడ ఎక్స్‌ట్రా, సజ్జలు ఎక్స్‌ట్రా, సంపు ఎక్స్‌ట్రా. ఇల్లంటే నాలుగు గోడలూ సలాబూ అంతే. దాని మీదికి ఎక్కాలనుకోవడం ఓనరు సోకు. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగితే పేపరు పట్టుకుని పరుగెత్తాను. "మనది పాత స్టాకు సారూ" అన్నాడు. ఇంకా కొనని సిమెంటుకు కూడా పాత స్టాకు ఉంటుందని ఆ రోజే తెలిసింది.

బాత్‌రూంలో నీళ్లు జాలీని వదిలేసి గడప వైపు నడిచాయి. అడిగితే, "ఈశాన్యం దిక్కే పోతున్నయి గద సారూ, ఇంటికి మంచిది!"

మా జిల్లాలోనే నాగార్జునసాగర్ ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. రాయి మీద రాయి పేర్చి 124 మీటర్ల ఎత్తున కట్టిన ఆ డ్యాం కృష్ణమ్మను ఆపింది. నా బాత్‌రూం గడప బకెట్టు నీళ్లను ఆపలేదు. పక్కనున్న పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టినవాళ్లు. ఈ గడ్డ మీద పనితనానికి కరువు లేదు. పనితనం ఉన్నవాళ్లలో ఎందరో హైదరాబాద్, ముంబై బస్సెక్కారు. మిగిలినవాళ్లలో ముగ్గురిని అడిగి, అందరికన్నా తక్కువ చెప్పినవాడి చేతిలో బయానా పెట్టింది మాత్రం నేనే. నడుమ వంటగదిని మూడుసార్లు జరిపించిందీ నేనే.

పైసల దగ్గర నాకన్నా సర్కారు హుషారు. ఇందిరమ్మ ఇంటికిచ్చే 5 లక్షలను నాలుగు ముక్కలు చేసింది: బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే లక్షా పాతికవేలు, సలాబు పడితే లక్షా డెబ్బై అయిదువేలు, ఇల్లు పూర్తయితే లక్ష. ముందు పని, తర్వాత పైసలు. నేను సలాబు పడకముందే ముప్పాతిక సొమ్ము ముట్టజెప్పి, ఆనక మేస్త్రి ఫోనుకు రింగ్‌టోన్ వింటూ కూర్చున్నాను.

కట్టబోయేవాళ్లకు ఒక్క మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇల్లు కట్టడాన్నీ సేవ కిందే లెక్కగట్టింది. పని చెడితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. సలహాకు 1915కు ఫోన్ చేయండి. కానీ బయానా ఇచ్చేముందే రేటు, ఎక్స్‌ట్రాలు, సిమెంటు రకం, గడువు కాయితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. నోటిమాట మీద కట్టిన ఇంటికి న్యాయం కూడా పుట్టీలనే పోతది.