బ్రాడీపేట బీరువాలో దొరల పేచీలు

చరిత్ర పుస్తకాలకు ‘నేను’ అనే అలవాటు లేదు. అందుకే బ్రాడీపేటలో ఓ పాత వకీలుగారింటి బీరువాలో నిలబడ్డ ఈ లావుపాటి పొత్తం తన ఆత్మకథను కూడా ప్రథమ పురుషలోనే చెప్పుకుంటుంది.

దీన్ని కన్నవాడు రాబర్ట్ ఆర్మ్. మలయాళ తీరాన అంజెంగోలో 1728లో పుట్టి, మద్రాసు కౌన్సిల్లో సభ్యుడైనవాడు. ఇండియాలో ఇంగ్లీషువాళ్ల యుద్ధాల చరిత్ర రాసి మొదటి సంపుటం 1763లో, రెండోది 1778లో లండనులో అచ్చువేశాడు. ఈ ప్రతి మాత్రం 1860ల మొదట్లో మద్రాసు ఫారో కంపెనీ తిరిగి వేసిన అచ్చు. మూర్ మార్కెట్టులో పాత పుస్తకాల గుట్టలో పెళుసెక్కుతుంటే వకీలుగారు బేరమాడి గుంటూరు తెచ్చారు. ఆయన ప్రాక్టీసంతా సర్వీసు కేసులే. ఎవరు ముందు చేరారు, ఎవరిని తొక్కేసి ఎవరికి ప్రమోషన్ ఇచ్చారు అన్నదే రోజూ గొడవ. యుద్ధాల పుస్తకాన్నీ ఆ కంటితోనే చదివారు. ఫిరంగులు మోగిన పేజీలు శుభ్రంగా ఉన్నాయి. హోదాల తగాదా వచ్చినచోటల్లా ఎర్ర పెన్సిలు గీతలు.

ఆ చూపు తప్పేమీ కాదు. ఆ రోజుల్లో ఇంగ్లీషు అధికారులు రెండు రకాలు: రాజుగారి కమిషన్, అంటే నియామక పత్రం, ఉన్నవాళ్లు, ఈస్టిండియా కంపెనీ కమిషన్ ఉన్నవాళ్లు. ఒకే హోదాలో ఇద్దరుంటే రాజుగారి మనిషిదే పైచేయి. రాజుగారి మనుషులే ఇద్దరుంటే కమిషన్ మీది తేదీ చూస్తారు. ఆ కాగితమేమో ఆఫ్రికా చుట్టి నెలల తరబడి ఓడలో రావాలి. ఈలోగా ఇక్కడ యుద్ధం ఆగుతుందా?

మొదటి గీత 1757 జనవరి 2 దగ్గర ఉంది. కలకత్తా కోట తిరిగి ఇంగ్లీషు చేతికి వచ్చిన రోజది. నౌకాదళాధిపతి వాట్సన్ కోట బాధ్యతను రాజు సైన్యంలోని కెప్టెన్ ఐర్ కూట్‌కు రాసిచ్చాడు. కాసేపటికి క్లైవు వచ్చి, లెఫ్టినెంట్ కర్నలును నేనుండగా కెప్టెనేమిటని కోటలో తిష్ఠ వేశాడు. బయటికి రాకపోతే ఓడల మీది ఫిరంగులు పేలుస్తానని వాట్సన్ కబురు పెట్టాడు. పోగొట్టుకున్న కోట దక్కిన రోజునే సొంతవాళ్ల మీద గుళ్లు కురిపించేదాకా వెళ్లింది వ్యవహారం! చివరికి వాట్సనే స్వయంగా ఒడ్డుకు దిగి తాళాలు అందుకుని, వాటిని కంపెనీ పెద్దల చేతిలో పెట్టాడు. పరువు దక్కిందని ఇద్దరూ అనుకున్నారు.

ఫ్రెంచివాళ్లకు మాత్రం ఇలాంటి పేచీకి మూల్యం మన తీరమే అయింది. ఫ్రెంచి సేనాని బుస్సీ తెలుగువాళ్లకు కొత్తవాడు కాదు. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తోలుకొచ్చినవాడే. నిజాం సలాబత్ జంగ్‌ను గుప్పిట్లో పెట్టుకుని, 1753లో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లు రాయించుకున్నాడు. అన్నేళ్లు దక్కనును ఆడించిన ఈ మనిషి సైన్యం లెక్కలో లెఫ్టినెంట్ కర్నలు మాత్రమే. 1758లో ఫ్రాన్సు నుంచి సేనాధిపతిగా దిగిన లాలీ అతన్ని దక్షిణాదికి పిలిపించుకుని, ఈ దేశం పోకడ తెలియని కాన్‌ఫ్లాన్స్‌ను సర్కార్లలో కూర్చోబెట్టాడు.

అక్కడ విడ్డూరం జరిగింది. లాలీ వెంట వచ్చిన ఆరుగురు కర్నళ్లు, అందరూ గొప్పింటివాళ్లే, బుస్సీని బ్రిగేడియర్‌ను చేసి తమకన్నా పైన ఉంచమని సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. దెస్తెంగ్, క్రియోన్ కూడా అందులో ఉన్నారు. తమను దాటించమని సీనియర్లే అడగడం సర్వీసు చరిత్రలో ఎక్కడైనా ఉందా అన్నట్టు వకీలుగారు ఆ పేరాకు రెండు గీతలు గీశారు. లాలీ మాత్రం ఇదంతా బుస్సీ డబ్బు మహిమ అనుకున్నాడని ఆర్మ్ రాశాడు. హోదా దొరికింది, నమ్మకం దొరకలేదు. 1760 జనవరిలో వందవాసి యుద్ధంలో బుస్సీ ఇంగ్లీషువాళ్లకు పట్టుబడ్డాడు.

ఈలోగా ఇక్కడ తీరం చెయ్యిజారింది. బెంగాలు నుంచి క్లైవు పంపగా కర్నల్ ఫోర్డ్ వచ్చాడు. విజయనగరం ఆనంద గజపతిరాజు తోడయ్యాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ ఓడి రాజమండ్రి దారిపట్టాడు. అక్కణ్ణుంచి బందరు కోటలో దూరాడు. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ ఆ కోట మీద పడ్డాడు.

ఆ రాత్రి కెప్టెన్ క్యాలెండర్ కథ ఈ పొత్తంలో అన్నిటికన్నా వింతైనది. దాడికి వెళ్లే దళం ముందు నడవాల్సింది ఆయనే. బయల్దేరే వేళకు మనిషి లేడు. ఎంత వెతికినా జాడ లేదు. వేరే కెప్టెన్ ఆ చోటు తీసుకుని బురదలో పడి నడిచాడు, బురుజు ఎక్కాడు. లోపల పోరు సాగుతుండగా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో గాని క్యాలెండర్ ప్రత్యక్షమై తన దళం ముందు తన స్థానంలో నిలబడ్డాడు. నిలబడీ నిలబడగానే గుండు తగిలి కూలిపోయాడు. పిరికివాడా అంటే, దాక్కున్నవాడు చావుకు ఎదురొచ్చి నిలబడడు. ఆర్మ్ కారణం చెప్పలేదు.

తెల్లవారేసరికి యూరోపియన్లు 500 మంది, సిపాయిలూ తదితరులు 2,500 మందికి పైగా లొంగిపోయారు. పట్టుకున్నవాళ్లకన్నా పట్టుబడ్డవాళ్లే ఎక్కువ. బెజవాడ దాకా వచ్చిన సలాబత్ జంగ్ చూస్తూ ఉండిపోయి, మే నెలలో ఒప్పందం చేసుకున్నాడు. బందరుతో పాటు మన నిజాంపట్నం సీమ కూడా కంపెనీకి పోయింది. గుంటూరు సర్కారు వాళ్ల చేతికి రావడానికి 1788 దాకా పట్టింది.

ఇంత గెలిచిన ఫోర్డ్‌కు దక్కిందేమిటి? అతను రాజు కొలువు వదులుకుని క్లైవు మాట మీద కంపెనీకి వచ్చినవాడు. లండనులోని డైరెక్టర్లు ఆ నియామకాన్ని ఖాయం చెయ్యలేదు. బెంగాలు సేనాపత్యం కాలియోకు ఇచ్చారు. అయినా 1759 నవంబరులో బిదెరా దగ్గర డచ్చివాళ్లను ఫోర్డే ఓడించాడు. పదేళ్ల తర్వాత కంపెనీ పెద్దమనిషిగా మళ్లీ ఇండియాకు వస్తుంటే ‘అరోరా’ ఓడ కేప్ దాటాక గల్లంతైంది. ఫోర్డ్ నియామకాన్ని ఖాయం చెయ్యకపోవడం అన్యాయమేనని ఈ పొత్తం అభిప్రాయం.

1760 సెప్టెంబరులో పుదుచ్చేరి ముట్టడిలో పేచీ ఐర్ కూట్ మెడకే చుట్టుకుంది. అప్పటికి అతను సేనాపతి. ఓడలో వచ్చిన కాగితాల్లో అతని కింద పనిచేస్తున్న మాన్సన్‌కు కర్నలు హోదా ఉంది. తేదీ కూట్ కమిషన్‌కన్నా ముందుది! కూట్ సేనాపత్యం అప్పగించి మద్రాసు వెళ్లిపోయాడు. మాన్సన్ వెంటనే దాడికి దిగి కాలు విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ కూట్‌నే బతిమాలి రప్పించారు. 1761 జనవరిలో పుదుచ్చేరి లొంగింది.

ఈ తగాదాల్లో సిపాయిల పేర్లు లేవు, లెక్కలు తప్ప. సుబేదారు ఎన్నేళ్లు పాతవాడైనా నిన్న దిగిన తెల్ల కుర్రాడికి కిందే. ఆ తేడా చాలాకాలం పోలేదు. 1934 చివర డెహ్రాడూన్ అకాడమీ నుంచి భారతీయ అధికారుల మొదటి జట్టు బయటికొచ్చినా, జీతంలోనూ తెల్ల సిపాయిల మీద అధికారంలోనూ తెల్ల అధికారులతో పోలిస్తే తక్కువే మిగిలింది.

పొత్తం చివరి అట్టలో వకీలుగారు దాచిన పేపరు కత్తిరింపు ఒకటుంది. 1942లో కమిషన్ పొంది, 1971 యుద్ధంలో సిల్హెట్ వైపు డివిజన్ నడిపి, 1981లో సైన్యాధిపతి అయిన తెలుగువాడు కె.వి.కృష్ణారావు పదవీ విరమణ నాటిది. ఆ కుర్చీ సీనియారిటీ ప్రకారం ఉపసేనాధిపతి ఎస్.కె.సిన్హాకు రావాలి. 1983లో ప్రభుత్వం ఎ.ఎస్.వైద్యకు ఇచ్చింది. సిన్హా రాజీనామా చేశారు.