పన్ను కట్టేవాడికే ఓటట!

బెంగళూరులో మన వర్తూరు అపార్ట్‌మెంట్లలో బుక్ క్లబ్బుల ఊపు గురించి మీకు వేరే చెప్పాలా? ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌసులో ఫిల్టర్ కాఫీ, చేతిలో పాత సైన్స్ ఫిక్షన్ నవల, ఎనిమిదయ్యేసరికి దేశానికి కొత్త రాజ్యాంగం రెడీ. తాజా తీర్మానం తెలిసిందేగా: పన్ను కట్టేవాడికే ఓటు. ప్రమాణం, రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన 'స్టార్‌షిప్ ట్రూపర్స్'.

అయ్యా, ఆ పుస్తకం ఎవరైనా చదివారా? అందులో ఓటు పన్ను కట్టినవాడికి రాదు. ప్రభుత్వ సేవలో గడువు పూర్తిచేసి బయటికొచ్చినవాడికి వస్తుంది. హీరో రికో తండ్రి పెద్ద వ్యాపారి, డబ్బుకి కొదవలేదు, ఓటు మాత్రం లేదు. సేవ చేస్తానని వచ్చినవాడికి ప్రమాణం అర్థమైతే చాలు, కాదనే హక్కు అక్కడ ప్రభుత్వానికే లేదు. అంటే మన గేటు దగ్గర నిలబడే మాజీ సైనికుడికి ఓటుంటుంది. తమరు వెళ్లి రికో నాన్నగారి పక్కన కుర్చీ వేసుకోవాలి.

సరే, నవల వదిలేద్దాం. ఆదాయపు పన్నే కొలబద్ద అనుకుందాం. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడకుండా చేసింది 2025 బడ్జెట్. మీ టీమ్‌లో నిన్నమొన్న చేరిన కుర్రాళ్ల ఓట్లు ఆ ఒక్క ప్రసంగంతో గల్లంతు! ఆర్థికమంత్రి శ్లాబు జరిపినప్పుడల్లా ఓటర్ల జాబితా తిరగరాయాలి. ఊళ్లో పదెకరాలు సాగుచేసే మీ నాన్నగారి సంగతో? వ్యవసాయాదాయానికి పన్ను లేదు కాబట్టి ఆయనకీ ఓటు లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ ముక్క ఆయన ఎదురుగా నిలబడి చెప్పండి.

వెటకారం చాలు. మీ అంట్లు తోమే ఆవిడ సబ్బు కొన్నా జీఎస్టీ కడుతోంది. మీకది పన్నులా కనపడదు, ఎందుకంటే ఆవిడే మీకు మనిషిలా కనపడదు. ఈ చులకన మీకు హైన్‌లైన్ నేర్పలేదు. ఇంటినుంచే తెచ్చుకున్నారు, దానికి అట్ట వేయడానికి ఆయన పుస్తకం పనికొచ్చింది.

'డ్యూన్' చదివి మహానాయకుడు దిగిరావాలంటారు. అలాంటివాళ్లతో జాగ్రత్త అని చెప్పడానికే ఫ్రాంక్ హెర్బర్ట్ 1969లో రెండో భాగం రాశాడు. '1984' పేరెత్తి నిఘా, నిఘా అని గుండెలు బాదుకుంటారు, పనిమనిషి ఎన్నింటికి వచ్చిందో గేటు యాప్‌లో చూసుకుంటూనే. ఊరకే భోజనం ఎవరూ పెట్టరనే పాఠం 1966 నాటి 'ద మూన్ ఈజ్ ఎ హార్ష్ మిస్ట్రెస్' నుంచి తెచ్చి, 2023లో వచ్చిన ఆడవాళ్ల ఉచిత బస్సు మీద విసురుతారు. మరి వర్తూరు చెరువు మన మురుగునంతా ఏ బిల్లు పంపి మింగింది? 2015లో ఆ చెరువులో లేచిన డిటర్జెంటు నురగ రోడ్డెక్కితే ముక్కు మూసుకున్నది గట్టున బతికేవాళ్లు.

ఓటు లేని రాజ్యం ఎలా ఉంటుందో చూడాలనుంటే వర్తూరు కోడి కూడలి దాకా నడవండి. బెంగళూరు నగరపాలిక పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది. ఆ తర్వాత ఏళ్లతరబడి కార్పొరేటరన్నవాడే లేడు, అధికారులదే ఏలుబడి. అక్కడి రోడ్డు గుంటలు చూసి సంబరపడండి.

2024 మే 13న ఓటెయ్యడానికి మనవాళ్లు బస్సుల్లో సీట్లు దొరక్క నానా తిప్పలుపడి ఊళ్లకెళ్లారు. సిరా వేలితో ఫొటోలు పెట్టారు. ఆ క్యూలో ముందు నిలబడ్డ ఉపాధి హామీ కూలీని, నువ్వు పన్ను కట్టవుగా, పక్కకి జరుగు అని అప్పుడే అనాల్సింది. ఒక్కడూ అనలేదు. ఊళ్లో అలా అంటే ఏమవుతుందో అందరికీ తెలుసు.